ఒకరి క్లాసులో ఒకరు

చివరి బెంచీలో కూర్చున్న ఆమెను చూడగానే జయరాముడి నోరు ఎండిపోయింది.

ఆకుపచ్చ ధర్మవరం చీర. పుస్తకం లేదు, పెన్ను లేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అతన్నే చూస్తోంది. విద్యార్థిని అయ్యే వయసు కాదు. మరెవరు? కమిటీ మనిషి. ఇంకెవరూ కావడానికి వీల్లేదు.

అది 1983. అతను ఆ విశ్వవిద్యాలయంలో చేరి నెల కూడా కాలేదు. రాప్తాడు దారిలో, చెట్టన్నది లేని ఎర్రనేల మీద కొత్తగా లేచిన భవనాలు. అందులో ఒక మూల భూగర్భశాస్త్ర విభాగం. చేరిన ప్రతి లెక్చరరూ రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉండాలి. ఆ గడువు తీరాక కమిటీ వస్తుంది. క్లాసులో కూర్చుంటుంది, విద్యార్థులను అడుగుతుంది, విభాగాధిపతి గోప్యంగా చెప్పే మాట వింటుంది. అన్నీ కలిపి ఈ మనిషి పనికొస్తాడా రాడా అని తేల్చేస్తుంది. మధ్యలో చెప్పకుండా మనిషిని పంపినా పంపుతుందని స్టాఫ్‌రూంలో అనుకునేవారు.

జయరాముడు చేరిన వారంలోనే ఎర్రిస్వామి అనే సీనియర్‌ను పనికిరాడని తేల్చారు. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, చంకలో పసిబిడ్డతో భార్య. గుంతకల్లు బస్సు మీదికి ఆ పెట్టె ఎక్కించింది జయరాముడే. ఎర్రిస్వామి ఎవరినీ తిట్టలేదు. "నువ్వు జాగ్రత్తప్పా" అన్నాడంతే. ఆ మాట జయరాముడి కడుపులో అలాగే ఉండిపోయింది.

కుందుర్పి పక్క పల్లెలో వేరుశనగచేను నమ్ముకున్న ఇంటి నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. పనికిరాడనిపించుకుని ఆ ఊళ్లో బస్సు దిగడం అనేది అతనికి తరచూ వచ్చే పీడకల.

అందుకే ఆ రోజు గ్రానైటు గురించి చెప్పవలసినవాడు చెప్పిందే మళ్లీ చెప్పాడు. సుద్దముక్క విరిగింది. బెల్లు మోగింది కూడా వినలేదు. ఎలా ఆపాలో తెలియక చెప్పుకుంటూ పోయాడు.

చివరికి ఆమే లేచి నిలబడింది.

"సార్, మీ గంట ఎప్పుడో అయిపోయినాది. ఇది నా క్లాసు."

విద్యార్థులు గొల్లున నవ్వారు. ఆమె పేరు చౌడేశ్వరి. ఆ రోజే ఉద్యోగంలో చేరిన లెక్చరర్.

స్టాఫ్‌రూంలో అతను ఊరుకోలేకపోయాడు. గడప దగ్గరే నిలబడి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా అన్నాడు. క్లాసు మధ్యలో చెబితే మీ మర్యాద పోతుందని కూర్చున్నానంది ఆమె.

"మర్యాద పోతే పోయింది మేడం. నా ప్రాణం పోయింది ఆడ."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆపుకోలేకపోయిందని ఆమె భుజాలు చెప్పాయి.

చౌడేశ్వరిది ధర్మవరం. తండ్రి ముత్యాలప్ప పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో అందరూ మగ్గం ఎక్కితే ఈమె ఒక్కతే రాళ్ల చదువు చదివింది. అనంతపురంలో పిన్నమ్మ ఇంట్లో ఉండి బస్సులో వచ్చేది. అదే బస్సులో జయరాముడూ వచ్చేవాడు. మొదట్లో అతను ముందు సీటు చూసుకునేవాడు. తర్వాత్తర్వాత ఆమె ఎక్కడ కూర్చుంటుందో చూసుకునేవాడు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన వచ్చింది. ఆ సీమలో వాన అంటే చుట్టం రావడం కాదు, దేవుడు రావడం. విద్యార్థులంతా క్లాసులు వదిలి బయటికి పరిగెత్తారు. చౌడేశ్వరి వరండాలో నిలబడి అరచెయ్యి చాపింది. చినుకులు గాజుల మీద పడి మణికట్టు దాకా జారాయి. జయరాముడు చూస్తూ ఉండిపోయాడు.

ఆమె అతని వైపు తిరక్కుండానే అంది. "వాన ఆ పక్క కురుస్తాంది సార్."

అతను గబుక్కున మైదానం వైపు చూశాడు. ఆ తర్వాత వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరూ గమనించలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 1985 జూలైలో విభాగాధిపతి డాక్టర్ దివాకర్ ఇద్దర్నీ తన గదికి పిలిచారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. అందుకే ఆయనంటే అందరికీ భయం. ఈ ఏడు పర్మనెంటు చేయడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్క పోస్టునే అన్నారు. కమిటీ వచ్చే ముందు ఒకరి క్లాసులో ఒకరు వారం పాటు కూర్చోవాలని, ఎదుటివారిలో మంచేమిటో లోపమేమిటో కమిటీ ముందు స్వయంగా చెప్పాలని కొత్త పద్ధతి ఒకటి పెట్టారు.

"దాపరికం వద్దు. మొహమాటం అసలే వద్దు," అని మాత్రం అన్నారు.

గది బయటికి వచ్చాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. ఆ సాయంత్రం బస్సులో ఆమె ముందు కూర్చుంది, అతను వెనక కూర్చున్నాడు. తాను నిలిస్తే ఆమె పోవాలి. తాను పోతే ఆమెకు దూరం కావాలి. ఎటు తిరిగినా జయరాముడికి గుంతకల్లు బస్సు మీది ట్రంకుపెట్టే కనిపించింది.

మర్నాటి నుంచి అతను ఆమె క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆమె పాఠం గీత గీసినట్టు ఉంటుంది. బోర్డు మీద ఒక్క అక్షరం వంకర పోదు. కానీ ఎవరైనా చెయ్యెత్తితే ఆమె గొంతు మారేది. "తర్వాత," అనేది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. పిల్లలు చాలామంది చేతులెత్తడమే మానేశారు.

ఎందుకో జయరాముడికి తెలుసు. ఎమ్మెస్సీ వైవాలో ఒక ప్రశ్నకు ఆమె తెలియదందట. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి నవ్వి, మగ్గం దగ్గర కూర్చుంటే ఈ బాధ ఉండేది కాదు కదమ్మా అన్నాడట. ఒకసారి బస్సులో నవ్వుతూనే చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె వేళ్లు సంచి కాడను నలిపేశాయి.

ఆమె అతని క్లాసుకూ వచ్చింది. తలుపు మూసి ఉన్నంతసేపూ అతని మాట ఏరులా సాగేది. తలుపు దగ్గర దివాకర్ గారి తెల్లచొక్కా కనిపిస్తే చాలు, ఎండిపోయేది. అది చౌడేశ్వరి చూసింది. చూసిందని అతనికీ తెలిసింది.

కమిటీ వచ్చింది. దానికి పెద్దగా వచ్చినామె హనుమంతమ్మ. బళ్లారి వైపు ఏదో కాలేజీలో చాలాకాలం ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన మనిషి. తల నెరిసినా నడక నెరవలేదు. ఆమె అడిగితే సమాధానం చెప్పకుండా తప్పించుకున్నవాడు లేడని ముందే పుకారు వచ్చింది.

జయరాముడిని మొదట పిలిచారు.  చౌడేశ్వరి మేడంలో మంచి ఏమిటని అడిగితే నాలుగు మాటలు చెప్పాడు. లోపమేమిటని అడిగారు.

"ఏ లోపమూ లేదు మేడం."

"ఏ లోపమూ లేదా?" హనుమంతమ్మ కళ్లజోడు తీసి అతన్ని చూసింది. "సరే పోప్పా."

అతను బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఆమెను కాపాడానన్న తృప్తి ఒక్క నిమిషం ఉంది. చౌడేశ్వరి లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వరండాలో కిటికీ పక్కగా నడుస్తుంటే ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఎవరన్నా చూస్తాంటే ఆయనకు మాట రాదు. మీరు క్లాసులో కూర్చుంటే ఆయన పాఠం చెప్పలేడు. నేను రెండేండ్లుగా చూస్తాండా."

మిగతాది వినడానికి అతను నిలబడలేదు. కాళ్లు తమంతట తామే బస్టాపు వైపు నడిచాయి. ఎండలో, నీడ లేని ఆ రోడ్డు మీద నిలబడితే ఒళ్లంతా చల్లబడింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు. వాళ్లకు తెలియనిది ఆమె తానుగా చెప్పింది. ఒకే పోస్టు. ఆమె మాత్రం ఏం చేస్తుందిలే అని కూడా అనుకున్నాడు. అలా అనుకోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది.

మరుసటి రోజు ఆమె పలకరించబోతే తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కమిటీ చౌడేశ్వరి క్లాసులో కూర్చుంది. అతని క్లాసుకు రాలేదు. ఇక చూడవలసిన పని కూడా లేదనుకున్నారని అతనికి అర్థమైంది. రాత్రి అన్నం ముందు కూర్చుని అలాగే లేచాడు.

శనివారం అతను ఎప్పటిలాగే విద్యార్థులను రాప్తాడు దగ్గర ఒక ఎండిన బావికి తీసుకుపోయాడు. పోగొట్టుకునేదేమీ లేదన్నప్పుడు మనిషికి ఒక విధమైన నెమ్మది వస్తుంది. మెట్లు దిగి అడుగుకు చేరాక, అందర్నీ బావిగోడ మీద చేతులు పెట్టమన్నాడు. ఏ రాయి ఉట్టి రాయో, ఏ రాతిలో పగులుందో కళ్లు మూసుకుని వేళ్లతో వెతకమన్నాడు.

"ఆ పగులు పట్టుకొని కిందికి రాండి. ఆడ తేమ తగులుతాది చూడండి. ఈ బాయి ఎండిపోలేదు. నీళ్లు లోతుకు పోయినాయి, అంతే. యాడికి పోయినాయో చెప్పేదే మన చదువు."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అడిగారు. అతను నవ్వాడు, ఎదురు ప్రశ్నించాడు, మట్టిలో కూర్చుని కర్రతో బొమ్మ గీశాడు. పైనుంచి మట్టిబెడ్డ ఒకటి జారి భుజం మీద పడితే తలెత్తాడు.

బావి ఒడ్డున హనుమంతమ్మ నిలబడి ఉంది. పక్కన దివాకర్ గారు, మిగతా కమిటీ. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు.

అతను మెట్లెక్కి పైకి వచ్చేసరికి చొక్కా చెమటతో అంటుకుపోయింది. హనుమంతమ్మ అతన్ని కొంచెం పక్కకు తీసుకుపోయింది.

"ఆ యమ్మ చెప్పింది నిజమేనప్పా. నువ్వు గదిలో పనికిరావు, బాయిలో పనికొస్తావు. పోయి బాయికాడ చూడండి, మీరొచ్చినట్ల ఆయనకు తెలీకూడదు అని పట్టుబట్టింది. ఆ యమ్మ చెప్పకుంటే మేము గదిలోనే చూసి నీ పేరు కొట్టేసి పోయేవాళ్లము."

జయరాముడు తల దించుకున్నాడు. ఈసారి భయంతో కాదు. కానీ హనుమంతమ్మ ఆపలేదు.

"నువ్వు ఆ యమ్మలో లోపమే లేదంటివి. నిన్న నేను చూసినా. పిల్లోడు చెయ్యెత్తితే దించమనింది. ఇది నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసీ దాచినావు. పక్కనోడే దాచినాడంటే అది ఎంత పెద్ద లోపమోనని దివాకర్ గారు అంటాండాడు. ఈ సాయంత్రం మా మాట చెప్పేసి నేను ఊరికి పోతాండా. ఆ యమ్మ పేరు కొట్టేయల్లని ఉంది అందరికీ."

అతనికి కళ్ల ముందు మళ్లీ ఆ బస్సు కదిలింది. ఈసారి ట్రంకుపెట్టె పక్కన ఆకుపచ్చ చీర ఉంది. తాను మేలు చేస్తున్నాననుకుని ఆమెను తానే బస్సెక్కిస్తున్నాడు.

దివాకర్ గారూ మిగతావాళ్లూ కారు దగ్గరికి నడుస్తున్నారు. జయరాముడు పరిగెత్తి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. అందరి చూపులూ అతని మీదే ఉన్నాయి.  మొదటి మాట బయటికి రాలేదు. రెండోది వచ్చింది.

ఆమె ప్రశ్నలు తీసుకోదని ఒప్పుకున్నాడు. ఎందుకు తీసుకోదో చెప్పాడు. వైవాలో నవ్విన ఆ పెద్దమనిషి సంగతి చెప్పాడు. ప్రాక్టికల్స్ రోజున పిల్లలు ఒక్కొక్కరే ఆమె బల్ల చుట్టూ చేరతారని, అక్కడ ఎంత అడిగినా విసుక్కోదని చెప్పాడు. ఆమెకు భయం నలుగురి ముందు తెలియదనడానికే.

"నాకు చూపంటే భయము సార్, ఆమెకు ప్రశ్నంటే భయము. నా భయము మీకు కనపడింది. ఆమె భయము పొగరు మాదిరి కనపడింది. అంతే తేడా. ఇంకొక్క క్లాసు చూడండి. సోమవారము దాకా ఉండండి."

దివాకర్ గారు గడియారం చూసుకున్నారు. "ఇది మొన్నే ఎందుకు చెప్పలేదు?"

"ఆమె పోతుందని భయపడినాను."

ఆ మాటలో ఇంకో మాట కూడా ఉందని అక్కడున్న అందరికీ అర్థమైంది. హనుమంతమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుని, బళ్లారి ఎక్కడికీ పోదు, సోమవారం దాకా ఉంటానంది.

చౌడేశ్వరిని అతను ఆ మధ్యాహ్నమే బస్టాపులో పట్టుకున్నాడు. జరిగిందంతా చెప్పేశాడు, వైవా సంగతి బయటపెట్టడంతో సహా. ఆమె ముఖం పాలిపోయింది. 

"నా లోపం నాకు చెప్పేకి మీకు రెండేండ్లు చాల్లేదా?" అంది.

"చెప్తే మీరు మాట్లాడరేమోనని..."

"మీది చెప్పేటప్పుడు నాకు మాత్రం భయం లేదనుకుంటిరా? చేతులు చల్లగైపోయినాయి. మీరు నన్ను ఇంక చూడరనుకున్యా. అయినా చెప్తిని." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు చూడనే లేదు కూడా, నిన్నంతా."

అతను తప్పయిందన్నాడు. తర్వాత ఇంకేదో చెప్పబోయాడు. అదేమిటో ఆమెకు ముందే తెలిసినట్టుంది, చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడు కాదు. సోమవారం కానీ. రెండు భయాలు ఒకేసారి నా వల్ల కాదు."

సోమవారం కమిటీ గోడ వెంబడి కుర్చీల్లో కూర్చుంది. జయరాముడు కిటికీ బయట నిలబడ్డాడు. చౌడేశ్వరి పాఠం సగంలో ఆపింది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది. అడగవలసింది ఉంటే అడగమంది. ఎవరూ కదల్లేదు. పిల్లలకు నమ్మకం కుదరలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె పెదవి కొరుక్కోవడం అతనికి కనిపించింది.

ముందు వరుసలో ఒక కుర్రాడు లేచాడు. వాళ్ల ఊళ్లో బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు, కాయ నిటారుగా లేచిన చోట నీళ్లుంటాయంటారు, అది నిజమా అని అడిగాడు.

జయరాముడు కిటికీ ఊచ పట్టుకున్నాడు. చౌడేశ్వరి మెడ మీద నరం కదిలింది. ఆమె కమిటీ వైపు చూడలేదు.

"నాకు తెలీదు," అంది.

ఎవరూ నవ్వలేదు.  ఆమె ఊపిరి పీల్చుకుంది.

"నిజమని చెప్పేకి నా దగ్గర ఆధారం లేదు, అబద్ధమని చెప్పేకీ లేదు. మీ మీ ఊర్లలో కాయ చూసి వేసిన బోర్లు ఎన్ని, వాటిలో నీళ్లు పడినవి ఎన్ని, కాయ చూడకుండా వేసినవి ఎన్ని, వాటిలో పడినవి ఎన్ని, అన్నీ కనుక్కొని రాండి. లెక్క తీద్దాం. అప్పుడు నేనూ తెలుసుకుంటా."

అప్పుడు లేచిన చేతులు ఆమె లెక్కపెట్టలేకపోయింది. గంట అయిపోయినా పిల్లలు కదల్లేదు. బయటికి వస్తూ హనుమంతమ్మ కిటికీ దగ్గర ఆగి జయరాముడిని ఒకసారి చూసి నడిచిపోయింది.

ఫలితం నెలాఖరుకు వచ్చింది. జయరాముడిని కన్ఫర్మ్ చేశారు. చౌడేశ్వరిని తీసెయ్యలేదు. ప్రొబేషన్ మరో ఏడాది పొడిగించి, మళ్లీ చూస్తామన్నారు. అతను సంతోషపడలేకపోయాడు. నా పోస్టు ఆమెకివ్వండని అడుగుతానంటే చౌడేశ్వరి కోప్పడింది. అప్పుడతను ఆ రోజు బస్టాపులో ఆగిపోయిన మాట చెప్పాడు. ఆమె విన్నది. కాదనలేదు.

"ఇప్పుడు చేసుకుంటే, కన్ఫర్మ్ అయిన సారు భార్య కాబట్టి ఉంచినారంటారు. నాకు నేను నిలబడల్ల. ఏడాది ఆగుతారా?"

ఆగుతానన్నాడు. ఆ ఏడాది ఇద్దరూ భయంతోనే గడిపారు. దివాకర్ గారు పిలిస్తే భయం, పిలవకపోతే భయం. ఆమె పోతే ఏ ఊరు పోతుందో అతనికి తెలియదు. ఇంట్లో చెబితే ఏమవుతుందో ఆమెకు తెలియదు, కులాలు వేరు. పిల్లలు మాత్రం ఆమె క్లాసులో చేతులెత్తుతూనే ఉన్నారు.

1986 జూలైలో ఆమెను కన్ఫర్మ్ చేసిన రోజున జయరాముడు అనంతపురంలో లేడు. విత్తనాల పనికి సెలవు పెట్టి ఇంటికి పోయాడు. చౌడేశ్వరి ముందు ధర్మవరం పోయి తండ్రికి సంగతి చెప్పింది. ఆ తర్వాత ఒకనాడు కుందుర్పి బస్సెక్కింది.

జయరాముడి తల్లి నాగలక్ష్మమ్మ వసారాలో విత్తనం కాయలు ఒలుస్తోంది. చేతిసంచితో, చెప్పులతో వాకిట్లో నిలబడ్డ పట్నం మనిషిని చూసి ఆమె చేయి ఆగిపోయింది. యూనివర్సిటీ నుంచి వచ్చానని వినగానే ముఖం వాడిపోయింది.

"మావానికి ఉద్యోగము పోయిందా తల్లీ?"

"లేదమ్మా. ఉద్యోగం బాగుండాది."

"మరి ఇంత దూరము ఏం పని మీద వచ్చినావు?"

దారి పొడుగునా చౌడేశ్వరి కూర్చుకున్న మాటలన్నీ ఆ చూపు ముందు చెదిరిపోయాయి.

"మీ కొడుకును చేసుకోవల్లనుకుంటాండా. మిమ్మల్ని అడిగేకి వచ్చినా."

నాగలక్ష్మమ్మ ఆమెను కిందా మీదా చూసింది. ఇంట్లో పెద్దలు లేరా, నువ్వే వచ్చినావని అడిగింది. ఉన్నారని చెప్పింది చౌడేశ్వరి. తండ్రి శానా దినాలు మాట్లాడలేదని, నిన్న మాట్లాడాడని, వాళ్లింట్లో నిన్ను బాగా చూస్తారా అని అడిగాడని చెప్పింది.

"తెలీదంటిని. పోయి తెలుసుకొని రా అనె."

"తెలుసుకొనేకి ఏముండాది. మాది వాన మీద బతికే ఇల్లు. తాగే నీళ్లు కూడా ఊరి బయట నుంచి మోసుకొస్తాము."

"తెలుసమ్మా."

"తెలిసే వచ్చినావా?"

"తెలిసే వచ్చినా."

జయరాముడు, తండ్రి బాలప్ప చేను నుంచి వచ్చి గడప దగ్గర ఆగిపోయారు. జయరాముడి చేతిలోని గుంటక తాడు కింద పడింది. పక్కింటి ఆడవాళ్లు కూడా తొంగిచూస్తున్నారు.

"ఈ యమ్మ నిన్ను అడిగేకి వచ్చింది," అంది తల్లి. "నీకు ఇష్టమేనా, కాదా?"

అందరూ అతన్నే చూశారు. అతను ఆమెను చూశాడు.

"ఇష్టమేమ్మా."

బాలప్ప భుజం మీది తువ్వాలు దులిపి అరుగు మీద పరిచాడు, చౌడేశ్వరిని కూర్చోమన్నట్టు. "ఎండన పడి వచ్చినాది. ముందు కూడు పెట్టు. వచ్చే సోమవారము మనమే ధర్మవరము పోదాము," అన్నాడు భార్యతో.

తల్లి లోపలికి పోయింది. జయరాముడు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోశాడు. ఆమె వేళ్లు ఇంకా వణుకుతున్నాయి.

"అంత భయపడినారా?" అన్నాడు మెల్లగా.

"భయము కాదా మరి. కళ్యాణదుర్గంలో బస్సు దిగేసినా, వెనక్కి పోదామని."

"మళ్లీ ఎట్ల ఎక్కినారు?"

ఆమె తడిచేతులు దోసిలి పట్టి, ఇంకాసిని పోయమన్నట్టు ముందుకు చాపింది.

"దిగినాక ఇంకా ఎక్కువ భయమేసింది."